ఓడ బయటి చేతులు

2009 మార్చి 15, ఆదివారం, నోవై

ఇవాళ సండే స్కూల్లో జలప్రళయం పాఠం నేనే చెప్పాను. రంగులు వెయ్యమని పిల్లలకు ఓడ బొమ్మ ఇస్తే, ఎనిమిదేళ్ళ మా స్నేహ ఓడ చుట్టూ నీళ్ళలో చిన్నచిన్న చేతులు గీసింది.

"మమ్మీ, ఈ బేబీస్ ఏం బ్యాడ్ చేశారు?"

"క్లాసులో ఆంటీ అనాలని చెప్పానా!" అని కసిరాను. అంత గొప్ప జవాబు నాది!

తర్వాత ఈ సంగతి చెబితే పాస్టర్‌గారేమో, "ఇంద్రధనుస్సు గీయించి ముగించెయ్యాల్సింది సిస్టర్" అన్నారు. ఒళ్ళు మండింది. వరద తీశాక కూడా మనిషి హృదయం చెడ్డదేనని దేవుడే ఒప్పుకున్నాడు, అయినా ఇక ముంచనని ఆ ఇంద్రధనుస్సు గుర్తుగా మాటిచ్చాడు. మనుషులు మారనప్పుడు, ఆ దయేదో వానకు ముందే చూపించకూడదా?

వచ్చే వారం క్లాసుకు రానంటోంది స్నేహ. రమ్మనడానికి నాకు నోరు రావడం లేదు.