అల్మాటీలో దొరికిన మేనల్లుడు

బెగిమై తల్లీ,

నన్నెవరో మోసం చేశారని రాశావు. కాదు, నేనే అబద్ధమాడి దొరికిపోయాను. కంటి ఆసుపత్రికి లైసెన్సు లేని టాక్సీ ఎక్కాను. పోలీసు ఆపగానే డ్రైవరు, "మా మేనత్తండీ" అన్నాడు. నేనూ తలూపాను.

"మేనల్లుడి పేరేంటమ్మా?"

"నేను నాన్నా అని పిలిచేవాడికి పేరెందుకు బాబూ?"

"ఈ వారంలో వీడికి నువ్వు మూడో మేనత్తవి. దిగు."

కారు పట్టుకుపోయారు. పరాయి దేశస్థురాలిని కదా, సాక్ష్యం చెప్పేదాకా నా పాస్‌పోర్టూ వాళ్ల దగ్గరే ఉంటుందట. ఇంటికెప్పుడొస్తానో తెలియదు. ఈ ఊళ్లో "తిన్నావా అత్తా" అని అడిగినవాడు వాడొక్కడే. వాడి బండి ఇక తిరిగి రాకుండా పోయేలా చెప్పడానికి నోరు రావడం లేదు.

నువ్వు చల్లగా ఉండు. కొట్టం మీద ఎండబెట్టిన పెరుగుండలు వాన పడకముందే దించి, రెండు గుప్పిళ్లు బస్సులో పంపు. నా గదికి ఎవరైనా వస్తే పెట్టాలి.

మీ నాయనమ్మ