దవడ తెరిచిన శాండ్‌విచ్

ఫిబ్రవరి 6
తీగలు తీసేశారు. బస్టాండ్ మెట్ల మీద కాలు జారి దవడ విరగ్గొట్టుకున్నప్పటి నుంచి నా నోటికి అవే తాళం. అద్దం ముందు నిలబడి నోరు తెరిచాను. ఒక వేలు పట్టింది. రెండో వేలు పెట్టబోతే ఏడుపొచ్చింది. ఇంకొన్నాళ్లు మెత్తనివే తినాలట. నోటికి ఎక్సర్‌సైజులు చేయాలట.
ఇంటికొచ్చేసరికి వదిన సూప్ కాచి ఉంచింది. మళ్లీ సూప్. పాపం, ఆవిడ తప్పేముంది? నా కోసం అన్నీ రుబ్బీ రుబ్బీ మా మిక్సీ గొంతు కూడా పోయింది.

ఫిబ్రవరి 11
క్లినిక్ వెయిటింగ్ రూమ్ కిటికీకి ఎదురుగా పెద్ద రెస్టారెంట్. అద్దాల గోడ. లోపల ఒకావిడ రెండు చేతులతో శాండ్‌విచ్ పట్టుకుని, పులి ఆవలించినట్టు నోరు తెరిచింది. అది చూస్తూ, నర్సు నన్ను పిలిచినా వినిపించుకోలేదు.
అలాంటిది నేనెప్పుడు తినొచ్చని డాక్టర్‌ని అడిగాను. నోట్లో మూడు వేళ్లు పట్టిన రోజున, అన్నారు.

ఫిబ్రవరి 12
రెండు వేళ్లు.

ఫిబ్రవరి 19
బస్టాండ్ మేనేజర్ ఫోన్ చేశారు. నేను సెలవు పెట్టాక బస్టాండ్‌లో రికార్డు చేసిన గొంతే బస్సుల వేళలు చెబుతోంది. దానికి జలుబు చేయదమ్మా అని నవ్వారు. సోమవారం వచ్చి చదివి వినిపించాలట. మాట సరిగ్గా రాకపోతే పార్సిల్ కౌంటర్‌లో వేస్తారట.
ఇన్నేళ్లూ మైకులో ఆ బస్టాండ్‌కి నోరు నేనే. ఇప్పుడు 'ప్లాట్‌ఫారం' అనబోతే 'ప్లాపారం' అని వస్తోంది. పార్సిళ్లతో మాట్లాడక్కర్లేదుగా, ఇంకా హాయి, అని అన్నయ్య ధైర్యం చెప్పబోయాడు. వదిన గరిటె చూపించాక ఊరుకున్నాడు.

ఫిబ్రవరి 21
మూడు వేళ్లు!!
కానీ బ్రెడ్ ముక్క నోటిదాకా తీసుకెళ్లి కొరకలేకపోయాను. మళ్లీ విరిగితే? వదిన చూసింది. రేపు ఆ అద్దాల హోటల్‌కి తీసుకెళ్తాను, అక్కడే కొరుకుదువుగాని, అంది. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ చెప్పులొస్తాయన్నాడు అన్నయ్య. అయితే మీరు చెప్పులు నమలండి, అంది వదిన.

ఫిబ్రవరి 22, సాయంత్రం నాలుగు
చేతులకి ఇంకా సాస్ వాసన. కడుక్కోబుద్ధి కావడం లేదు.
తలుపు దగ్గరే మమ్మల్ని ఎగాదిగా చూశారు. సగం టేబుళ్లు ఖాళీగా ఉన్నా టాయిలెట్ పక్కన కూర్చోబెట్టారు. నీలం టై వెయిటర్ మా పక్కనుంచే అటూ ఇటూ తిరిగాడు కానీ మా వైపు తల తిప్పితే ఒట్టు. చెయ్యెత్తీ ఎత్తీ వదిన భుజం పడిపోయింది. ఎట్టకేలకు వచ్చాడు. చికెన్ శాండ్‌విచ్ అని చెప్పాను. నా మాట ముద్దగా వచ్చింది. అతను మొహం చిట్లించి, ఆవిడకేం కావాలండీ అని వదినని అడిగాడు. నేను అక్కడ లేనట్టే. శాండ్‌విచ్చే అని వదిన నొక్కి చెప్పింది.
చాలాసేపటికి తెచ్చిందేమిటి? సూప్! మేడమ్‌కి ఇదైతే సుఖంగా ఉంటుందనుకున్నానని చెప్పి వెళ్లిపోయాడు.
నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను. మైకు ముందు పీల్చినట్టు నిండా ఊపిరి పీల్చాను.
“దయచేసి వినండి! నీలం టై గారికి విజ్ఞప్తి. టాయిలెట్ పక్క టేబుల్‌కి రావలసిన చికెన్ శాండ్‌విచ్ ఆలస్యంగా నడుస్తోంది. దాని బదులు వేసిన సూప్ ఎక్కడానికి ప్రయాణికులు ఒప్పుకోవడం లేదు!”
ఒక్క అక్షరం తడబడలేదు. కిటికీ దగ్గర ముసలాయన చెయ్యెత్తి, మా కాఫీ సంగతి కూడా కాస్త చెప్పమ్మా, అన్నారు. చెప్పాను. ఇంకో టేబుల్ వాళ్లకి బిల్లు రాలేదట. అదీ చెప్పాను. హాలంతా ఒకటే నవ్వు. నీలం టై పరుగున శాండ్‌విచ్ తెచ్చాడు.
జానెడు ఎత్తుంది. కళ్లు మూసుకుని కొరికాను. దవడ టక్కుమంది. వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏమీ కాలేదు! నమిలాను. నిజం చెప్పొద్దూ, చికెన్ చప్పన. బ్రెడ్ అట్టముక్క. అబ్బ, ఎంతసేపు నమలాల్సి వచ్చిందో! స్వర్గం. ఒక్క ముక్క పెట్టవే అని వదిన అడిగింది. సూప్ గిన్నె ఆవిడ వైపు జరిపాను.

ఫిబ్రవరి 24
మైకు ఆఫ్‌లోనే ఉంది, ఏదో ఒకటి చదవమన్నారు మేనేజర్. నాలుగో ప్లాట్‌ఫారం మీద బస్సు బయలుదేరబోతోందని చదివాను. కిటికీలోంచి చూస్తే, జనం సంచులు భుజానికి తగిలించుకుని, పిల్లలను చంకనెత్తుకుని అటువైపే పరుగెడుతున్నారు. అక్కడ బస్సే లేదు. వాళ్లను ఆపడానికి మేనేజర్ పరుగెత్తారు. ఆయన అరుపు ఎవరికీ వినపడలేదు.
వెనక్కి రమ్మని మళ్లీ నేనే ఆ 'ఆఫ్‌లో ఉన్న' మైకులో చెప్పాల్సి వచ్చింది.