పంపు టక్కుమన్నాక

అక్కయ్యకు,
1. కారులో ఇంజను దీపం వెలిగింది.
2. ఏటా జరిగే పొగ తనిఖీలో కారు తప్పింది.
3. పెట్రోలు మూత మార్చినా దీపం ఆరలేదు.

సోమవారం నిన్ను కంటి ఆపరేషనుకు తీసుకువెళ్లవలసింది ఈ కారులోనే. అందుకని ఎక్కడైనా చిల్లు ఉందేమోనని పెట్రోలు ఆవిరి గొట్టాలలోకి పొగ పంపి చూశాను. ఎక్కడా బయటికి రాలేదు. చివరకు పెట్రోలు ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బాను విప్పితే, అందులో పెట్రోలే నిండి ఉంది.

తనిఖీ చేసే డార్లీన్ పకపకా నవ్వింది. "ట్యాంకు నిండి పంపు టక్కుమని ఆగాక కూడా కారును ఊపి ఊపి పెట్రోలు పోస్తావేంటయ్యా? ఎవరు నేర్పారు నీకీ విద్య?"

కొత్త డబ్బా బిగించి కొన్నాళ్లు నడిపాక, నేడు తనిఖీ నెగ్గింది. ఆదివారం బయలుదేరుతాను. కంటి చుక్కలు మానవద్దు. వరండా మెట్టు బావ బాగుచేశాడా? ఆయనకు నా నమస్కారాలు.

ఇకపై నువ్వు కూడా పంపు టక్కుమనగానే ఆపేయి. డార్లీన్‌కు నీ పేరు చెప్పలేదు.

సాయంత్రం ఆరుంబావు.
వెండెల్ రాయ్ హాస్కిన్స్