కాలవే చాలు, నాకోసం శ్రమపడకండి

ఆల్డర్ ఫోర్డ్ టౌను ఆఫీసు క్లర్కు వెర్నా పికెట్ గారికి, వాగు రోడ్డు చివరింటి సిగర్డ్ లోకెన్ నమస్కరించి రాసేది.

ఇక్కడ వానలకి తడిసి ఉన్నాం. అక్కడ మీరూ తడిసే ఉన్నారని తలుస్తాను.

కాలిబాటలకీ సైకిల్ దారులకీ ఇంటిపన్ను కొంచెం పెంచుకుంటారా అని నవంబరులో ఊరివాళ్ళని ఓటు అడగబోతున్నారట. నోటీసు చూశాను. జాబితాలో మా వాగు రోడ్డు కూడా ఉంది. అయ్యో, నాకోసం అంత శ్రమ ఎందుకమ్మా? దూరపు చూపు తగ్గిందని నా కారు లైసెన్సు తీసేసుకున్నప్పటినుంచి నేను రోడ్డు పక్క కాలవలో దిగి నడుస్తున్నాను. పైన దుంగల లారీలు, కింద నేను. ఎవరి దారి వాళ్ళది. మొన్న జారి పడ్డాను గాని, కప్పలు తప్ప ఎవరూ చూడలేదు.

రోడ్డు అవతలి కొసన వృద్ధాశ్రమంలో మా అన్న ఎయ్‌నర్ ఉన్నాడు. పక్షవాతంతో మాట పోయింది. పేకాటలో మోసం మాత్రం పోలేదు. నేను వెళ్ళని రోజున నా ముక్కలు కూడా వాడే ఆడి, నన్ను ఓడించి, కాగితం మీద రాసి పెడతాడు. అందుకని వెళ్ళక తప్పదు.

ఇట్లు,
సిగర్డ్ లోకెన్

తా.క. కాలవలో నీళ్ళు మోకాలి దాకానే. పెద్ద బూట్లున్నాయి. ఒకటి కారుతుంది గాని రెండోది మంచిదే.

*

శ్రీ లోకెన్ గారికి,

కాలిబాట పన్నును వ్యతిరేకిస్తూ మీరు రాసిన ఉత్తరం అందింది. ఎంత సంతోషించానో చెప్పలేను. ఓటర్లకు పంపే పుస్తకంలో 'కావాలి' అనేవారికి ఒక పేజీ, 'వద్దు' అనేవారికి ఒక పేజీ ఇవ్వాలని మా నిబంధన. 'కావాలి' పేజీకి పళ్ళ డాక్టరు గారి సైకిల్ బృందం ఎప్పుడో సిద్ధం. 'వద్దు' అనేవాళ్ళు హోటల్లో బల్లలు గుద్దుతారు గాని, సంతకం పెట్టమంటే ఆవుల పాలు పితకాలని లేచిపోతారు.

కాబట్టి మిమ్మల్ని 'వద్దు' కమిటీకి అధ్యక్షులుగా నియమించాం. సభ్యులు కూడా మీరే. మీ పేజీ వెంటనే రాసి పంపగలరు.

భవదీయురాలు,
వెర్నా పికెట్

తా.క. నేను అరిజోనా నుంచి వచ్చి ఏడాదైంది. మనసులో మాట ఇలా సూటిగా చెప్పే మనిషి ఈ ఊళ్ళో మీరొక్కరే దొరికారు.

*

వెర్నా గారికి నమస్కారాలు.

పదవి అందింది. ఇచ్చిన పని కాదనడం మా ఇంటా వంటా లేదు. మా నాన్నని ఎవరో పొరపాటున చర్చిలో పాడమంటే చచ్చేదాకా పాడాడు. జనం భరించారు.

అరిజోనా అన్నారు కదా. మా చర్చికీ అక్కడినుంచే ఒక పాస్టరు వచ్చాడు. మంచివాడు. మొదటి ఆదివారం కాఫీ కెటిల్ పట్టుకొచ్చి, "పొయ్యమంటారా?" అన్నాడు. "అబ్బే, ఎందుకండీ" అన్నాం. పట్టుకెళ్ళి లోపల పెట్టేశాడు! మర్యాదస్తులు ఒప్పుకునేది మూడోసారి అడిగాకనే అని ఆయనకెవరూ చెప్పలేదు. చెబితే ఏం బాగుంటుంది? అందరం గొంతులెండి ఇళ్ళకి పోయాం. పాపం, ఎన్నాళ్ళో నిలవలేదు. ఇది ఎందుకు చెప్పానో మర్చిపోయాను. నా పేజీ ఇదిగో:

"ఓటర్లారా, ఈ పన్ను వద్దు. కాలిబాట లేకపోతే ఏమైంది? కాలవ ఉంది. లారీ వస్తే అందులో పడుకోవచ్చు. చీకటిపడితే చెట్ల వేళ్ళు పట్టుకుని పోవచ్చు. ఏ వేరు ఎక్కడుందో నాకు కంఠతా వచ్చు. బడిపిల్లలకింకా రాదు, నేర్చుకుంటారు. పడినా మెత్తటి బురద. ఎవరైనా చూసి కారు ఆపితేనే ఇబ్బంది, వాళ్ళ సీట్లు పాడవుతాయి. ఒక ముసలాడు అన్నని చూసి రావడానికి ఊరంతా డబ్బు పోసుకోవాలా?"

ఇట్లు,
అధ్యక్షుడు, సభ్యుడు, సిగర్డ్

తా.క. గట్టిగా రాశానేమో. ఎవరి మనసైనా నొచ్చుకుంటే తీసెయ్యండి.

*

శ్రీ లోకెన్ గారికి,

పుస్తకం ఇంటింటికీ చేరింది. మంగలి షాపులో మీ పేజీ పైకి చదివితే, గడ్డానికి నురగ పూసుకున్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. పళ్ళ డాక్టరు గారు తమ పేజీ వదిలేసి, మీదే కరపత్రంగా వేసుకుంటామంటున్నారు. మీ వాదన వారికెలా పనికొస్తుందో నాకు అంతుపట్టలేదు.

ఒక్క విషయం. మీ వ్యతిరేకతను గౌరవించి, పన్ను నెగ్గినా సరే, వాగు రోడ్డును జాబితాలోంచి తీసేయాలని కౌన్సిలు అనుకుంటోంది. సమ్మతమేనా?

భవదీయురాలు,
వెర్నా పికెట్

*

వెర్నా గారికి నమస్కారాలు.

నాకోసం తీయనూ వద్దు, ఉంచనూ వద్దు. మీకెలా వీలైతే అలా కానివ్వండి. నేనెక్కడ సర్దుకోనని?

నా పేజీ ఎయ్‌నర్‌కి చూపించాను. చదివి నవ్వాడు. జబ్బు చేశాక వాడి నోట వచ్చిన మొదటి చప్పుడు అదే. ఏమైందోనని నర్సు పరుగెత్తుకొచ్చింది. ఆ సందట్లో వాడు నా ముక్క ఒకటి కొట్టేశాడు.

ఇట్లు,
సిగర్డ్

తా.క. రెండో బూటు కూడా కారుతోంది. ఒక రకంగా మేలే. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతున్నాయి.

*

సిగర్డ్ గారికి,

పన్ను నెగ్గింది. మీ సమ్మతి అందిందని చెప్పి వాగు రోడ్డును నేనే జాబితాలోంచి కొట్టేశాను.

నిన్న మీ చర్చిలో ఆర్గన్ వాయించే ఆర్డిస్ గారు ఆఫీసుకు వచ్చారు. కాఫీ ఇవ్వబోతే "ఎందుకులేమ్మా" అన్నారు. కెటిల్ పక్కన పెట్టాను. ఆవిడ కదలలేదు. మళ్ళీ అడిగాను. "నీకెందుకమ్మా శ్రమ?" అన్నారు. ఏం తోచక మూడోసారి అడిగితే, "కొంచెం, మిగిలిపోతుంటే పొయ్యి" అని కెటిల్ ఖాళీ చేశారు.

నాకు ఆ పాస్టరు గుర్తొచ్చాడు. మీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను.

సోమవారం కౌన్సిలు కూర్చుంటుంది. జాబితా ఇంకా మార్చవచ్చు. సిగర్డ్ గారూ, నోటీసుతో ఒకసారి, కౌన్సిలు తరఫున ఒకసారి అయింది, ఇప్పుడు మూడోసారి అడుగుతున్నాను. మీకు కాలిబాట కావాలా?

సిగ్గుతో,
వెర్నా

*

వెర్నమ్మకి, వృద్ధాశ్రమం నుంచి సిగర్డ్ చెప్పి రాయించేది. రాత నర్సుది, మాటలు నావి.

కొంచెం, మిగిలిపోతుంటే వెయ్యండి.

ఓట్లు లెక్కపెట్టిన రోజున వాన ఎక్కువైంది. ఇన్నాళ్ళూ నేను పట్టుకున్న వేరు నాతోపాటు ఊడొచ్చింది. తుంటి విరిగింది. ఒక లారీవాడు చూసి ఆగి, "తాతా, ఎక్కించుకోనా?" అన్నాడు. "ఎందుకు బాబూ శ్రమ" అన్నాను. చిన్నవాడైనా మన ఊరి పిల్లాడే, మూడుసార్లు అడిగాడు. లేకపోతే అక్కడే ఉండేవాణ్ణి.

ఇప్పుడు ఎయ్‌నర్ పక్క మంచం నాదే. వాణ్ణి చూడ్డానికి నడవక్కర్లేదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఓడిపోతున్నాను. కాబట్టి బాట వేసేటప్పుడు ఈ కొసనుంచి మొదలుపెట్టి, మా ఇంటివైపు వేసుకుంటూ పొండి. పై వేసవికి గాని పూర్తి కాదటగా. నడక సంగతి డాక్టరు కూడా పై వేసవికి చూద్దామన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.

ఇట్లు,
సిగర్డ్

తా.క. ఊరు ఒక్కసారి అడిగితేనే 'కావాలి' అనేసిందని విని సిగ్గుతో తల దించుకున్నాను. నా ఓటు మాత్రం 'వద్దు'కే వేశాను. మొదటిసారికే ఎలా ఒప్పుకుంటామమ్మా?