గుల్‌మర్గ్‌లో అమ్మీ ఎక్కాల్సిన బండి

హుమేరా, సలాం. నేను బాగున్నాను. మన ప్రీపెయిడ్ సిమ్ కశ్మీర్‌లో పనిచేయదు, అందుకే ఈ పోస్టుకార్డు.

జనవరిలో అమ్మీకి మంచు చూపించడం కుదురుతుంది. గదులు వెచ్చగానే ఉన్నాయి. అయితే కారు దిగాక మంచులో నడవాలి. ఆమె మోకాలికి అది సాధ్యం కాదు. మనుషులు తాడు కట్టి లాగే చెక్కబండి ఉంది. అబ్బా నరసరావుపేటలో రిక్షా తొక్కినన్నాళ్లూ అమ్మీ ఏ రిక్షా ఎక్కలేదు. "ఇంకో మనిషి రొప్పుతుంటే నేనెట్టా కూసునేది?" అనేది.

ఆ బండి లాగే బషీర్‌కు ఈ సంగతి చెప్పాను. "నా మీద అంత జాలి ఉంటే ఎక్కమను. ఆమె నడిస్తే నేను ఉత్త చేతులతో ఇంటికి పోవాలి" అన్నాడు.

నా మాటగా కాదు, అతని మాటగానే అమ్మీకి చెప్పు. రిక్షా స్టాండులో అబ్బా కూడా జనంతో ఇదే అనేవాడు. ఆమె ఒప్పుకున్నాకే టికెట్లు తియ్యి.

ఉన్ని సాక్సులు అక్కడే కొను. మిరపకాయ పచ్చడి మర్చిపోవద్దు, ఇక్కడి కూరల్లో కారం లేదు. పాప నాజియాకు దగ్గు తగ్గిందా?

పిల్లలకు దువా. అమ్మీకి నా సలాం, బషీర్ సలాం కూడా.

అన్న, మోయిన్