విజయకు చెప్పిన జవాబులు

గుంటూరు,
ఆదివారం.

సైదాబీ అక్కకు, నీ చెల్లెలు మస్తాన్‌బీ సలాం చేసి రాసేది. దాచేపల్లిలో అమ్మ, బావ, పిల్లలు బాగున్నారని అనుకుంటున్నాను. నువ్వెలా ఉన్నావని మాత్రం ఈసారి అడగను. అడిగితే ఏం చెబుతావో తెలిసిపోయింది.

నేను బాగానే ఉన్నాను, దిగులు పడకండి. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీస్తే హాస్టల్లో అందరికీ తుమ్ములే. అయినా మెస్సు కూరలో కారం ఉండదు. గుంటూరులో చప్పిడి కూర తింటున్నానంటే మన వీధిలో ఎవరూ నమ్మరు. నువ్విచ్చిన గోంగూర పచ్చడి అయిపోయింది. నేను బాగానే ఉన్నానులే.

నా పని సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఈ ఊపిరితిత్తుల ఆసుపత్రిలో నాదీ, విజయ అనే ఇంకో అమ్మాయిదీ ఒకటే పని. ఆయాసం ఉన్నవాళ్లను కూర్చోబెట్టి కాగితం మీదున్న ప్రశ్నలు చదవడం, వాళ్లు చెప్పినదానికి టిక్కు పెట్టడం. ఎన్ని మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, ఇంటిపని ఎంత చేయగలరు, మనసెలా ఉంటోంది, ఇలాంటివి. రెండు వారాల తర్వాత అదే మనిషిని అవే ప్రశ్నలు ఇంకొకరు అడగాలి. జబ్బు అలాగే ఉంటే జవాబులూ అలాగే ఉండాలి. లేకపోతే ఆ ప్రశ్నలు నమ్మదగ్గవి కావని అర్థం. "సొంతవాళ్లను మాత్రం మీరు అడగొద్దమ్మా," అని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది.

నేను వింటేనా! నువ్వు చూపించుకోవడానికి వచ్చిన రోజు, మా అక్కను ఇంకెవరో అడిగేదేంటని నేనే కాగితం పట్టుకుని కూర్చున్నాను. బావను బయటికి పంపి మరీ అడిగాను. "దూది ఏకేటప్పుడు కాస్త దగ్గొస్తుందే, అంతే. రెండు బిందెలు ఒక్కసారే మోస్తా," అని నవ్వావు. అన్నిటికీ "ఇబ్బంది లేదు" అని టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఎంత సంతోషపడ్డానో!

రెండోసారి నువ్వొచ్చిన రోజు నన్ను వేరే వార్డుకు పంపారు. విజయ అడిగింది.

మొన్న ఒక్కో మనిషివి రెండుసార్ల కాగితాలూ పక్కపక్కన పెట్టి సరిచూశాం. వాటిమీద పేర్లుండవు, నంబర్లే. అందరివీ ఇంచుమించు కలిశాయి. ఒక్క నంబరువి మాత్రం ఏదీ కలవలేదు. ఆ నంబరు నాకు గుర్తే. డాక్టరమ్మ అడిగితే "మా అక్కండి," అన్నాను. "అందుకే వద్దన్నానమ్మా," అని రెండు కాగితాలూ పక్కన పెట్టేసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

విజయ రాసిందంతా చదివాను. నాలుగు మెట్లెక్కితే కూలబడిపోతావట. బిందె ఎత్తి ఆరు నెలలైందట. దూది ఏకే మిషన్ దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఊపిరాడదట. విజయను నిలదీస్తే, "మా చెల్లికి చెప్పొద్దని ఒట్టు వేయించుకుందే, నేనేం చెయ్యను?" అంది. రోజూ నా పక్కనే కూర్చుని అన్నం తింటూ అదీ దాచింది! ముక్కూ మొహం తెలియని పిల్లకు చెప్పుకున్నావు. ఒకే దుప్పట్లో పెరిగినదాన్ని, నాకు అబద్ధం చెబుతావా అక్కా? ఉద్యోగం మానేసి వచ్చేస్తానని భయపడ్డావు, అంతేగా. అది అర్థం కానంత పిచ్చిదాన్ని కాదు. అయినా ఒళ్లు మండిపోతోంది. నన్ను మోసం చేశావు.

నాకు కుట్టిస్తానన్న దిండు కుట్టొద్దు. దానికోసం దూది ఏకితే నా మీద ఒట్టే. ఈ ఉత్తరం అందగానే బయలుదేరి రా, డాక్టరమ్మ తనే చూస్తానంది. బావకు విడిగా ఉత్తరం రాసి అంతా చెప్పేశాను. కోపం వస్తే రానీ.

అమ్మకు సలాం చెప్పు, పిల్లలకు నా ముద్దులు. పెద్దదానివి, ఇంత తిట్టినా నన్ను దీవించు.

చివరి ప్రశ్న గుర్తుందా? "మీ బాధ ఇంట్లో ఎవరితోనైనా చెప్పుకుంటారా?" అని. నేనడిగితే, "మా చెల్లితో అన్నీ చెప్పుకుంటా," అని నా బుగ్గ గిల్లావు. విజయ కాగితంలో "ఎవరితోనూ చెప్పుకోను" దగ్గర టిక్కు ఉంది.

ఇట్లు,
నువ్వు అన్నీ చెప్పుకునే చెల్లెలు,
మస్తాన్‌బీ