ఒక్క మాట ముందు పాడిన నాన్న

నాన్నా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి నేటికి ఏడాది. మొన్న అమ్మ కంకిపాడు బజారులోనే ఇంటికి దారి తెలియక నిలబడిపోయింది. అందుకని ఈరోజు బెజవాడ తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించాను.

"ఈ వయసులో మతిమరుపు మామూలేనండీ. ఎప్పట్నించి ఇలా ఉంటున్నారు?" అని అడిగారాయన.

"నాన్నగారు పోయిన దగ్గర్నించండీ. అంతకుముందు బాగానే ఉండేది."

"అయితే దిగులే," అంటూ బలానికి మాత్రలు రాశారు.

అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ముందునించీ ఉందే. మీ నాన్ననడుగు, ఆయనకి తెలుసు," అంది.

తిరుగు బస్సు కాలవ గట్టు వెంట వస్తుంటే మన సాయంత్రం కుటుంబ ప్రార్థనలు గుర్తొచ్చాయి. కీర్తనలన్నీ అమ్మకు కంఠతా వచ్చేవి. రాగం తెలియని నువ్వు, చివరి రెండు మూడేళ్ళూ ఆమెకంటే ఒక్క మాట ముందే గట్టిగా పాడేవాడివి. "నాన్నకి తొందరెక్కువ," అని మేం నవ్వితే నువ్వూ నవ్వేవాడివి. అమ్మ మాత్రం నీ పెదవులవైపే చూస్తూ పాడేది.

అమ్మ జబ్బు పేరు నీకూ తెలిసి ఉండదు. డాక్టరుగారి ప్రశ్నకు జవాబు మాత్రం నీ దగ్గరే ఉండిపోయింది, నాన్నా.